డబ్బా పొయ్యి చరిత్ర

పదవ తరగతి విద్యార్థిని, తెలుగు మాధ్యమం, నాట్రంపల్లి

ప్లాసీ యుద్ధం ఏ సంవత్సరం జరిగిందని అడిగితే మా తరగతిలో అందరం ఒక్క గొంతుతో 1757 అని చెప్తాం. మీ ఇంటికి గ్యాస్ పొయ్యి ఏ సంవత్సరం వచ్చింది, అంతకు ముందు మీ ఇంట్లో అన్నం దేని మీద ఉడికింది అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం. రాజులు కట్టిన కోటల గురించి పుస్తకాల్లో ఉంది. ఆ కోటలు కట్టిన కూలీలు మధ్యాహ్నం ఏ పొయ్యి మీద వండుకున్నారో నాకు ఎక్కడా కనిపించలేదు. అందుకే ఈ సంవత్సరం చరిత్ర వ్యాసానికి నేను ఒక చిన్న వస్తువును తీసుకున్నాను. అది పాత రేకు డబ్బాతో చేసుకునే పొయ్యి. దీన్ని పేదవాళ్లు వాడారు, సైనికులు వాడారు, స్కౌట్ పిల్లలు వాడారు. మా అవ్వ కూడా వాడింది.

మూడు రాళ్ల పొయ్యి

అన్నిటికంటే పాత పొయ్యి మూడు రాళ్లు. మా పక్క దాన్ని పొయ్యిగడ్డలు అంటారు. మూడు రాళ్లు పెట్టి, మధ్యలో చితుకులు వేసి, పైన కుండ పెడితే వంట అయిపోతుంది. దీనికి డబ్బు ఖర్చు లేదు. కానీ గాలి ఏ పక్క నుంచి వచ్చినా మంట ఆ పక్కకు పోతుంది. కట్టెల వేడిలో చాలా భాగం కుండకు తగలకుండా గాలిలో కలిసిపోతుంది. ఒక పొయ్యికి కట్టెలు ఎక్కువ కావాలి, పొగ కూడా ఎక్కువ.

నిప్పు పుట్టించడం కూడా అప్పట్లో సులువు కాదు. రాత్రి వంట అయ్యాక నిప్పుల మీద బూడిద కప్పి పెట్టేవాళ్లు. పొద్దున దాన్ని కదిలించి, ఊదుగొట్టంతో ఊది మళ్లీ మంట చేసేవాళ్లు. నిప్పు ఆరిపోతే పక్కింటికి పోయి ఒక పిడక మీద నిప్పు అడుక్కొచ్చేవాళ్లు. ఇప్పుడు మన దగ్గరి గుడియాత్తం ఊరు అగ్గిపెట్టెలకు పేరు పొందింది. అగ్గిపుల్ల లేని కాలం ఒకటి ఉండేదని ఆ ఊరి పిల్లలకు చెప్తే నమ్ముతారో లేదో!

ఇంట్లో పొయ్యి వెలగలేదంటే ఆ పూట తిండి లేదని అర్థం. పేదరికం గురించి చెప్పేటప్పుడు మన పెద్దలు "పొయ్యిలో పిల్లి లేవలేదు" అంటారు. పొయ్యి చల్లగా ఉంది కాబట్టి పిల్లి అందులోనే పడుకుని ఉంది అని దాని భావం. ఒక్క మాటలో ఒక ఇంటి కథ మొత్తం చెప్పేశారు.

డబ్బా ఎట్లా పుట్టింది

డబ్బా పొయ్యి రావాలంటే ముందు డబ్బా రావాలి కదా. దాని పుట్టుక యూరపులో జరిగింది. ఫ్రాన్స్‌లో నికొలా అప్పెర్ అనే మిఠాయిలు చేసే ఆయన ఆహారాన్ని గాజు సీసాల్లో పెట్టి, గాలి చొరకుండా మూసి, నీళ్లలో ఉడికిస్తే చాలా రోజులు చెడిపోదని కనుక్కున్నాడు. 1810లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. దూరం పోయే సైన్యానికి, ఓడలకు చెడిపోని తిండి కావాలి కాబట్టి ఈ పని వాళ్లకు అంత ముఖ్యమైంది. అదే సంవత్సరం ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ అనే ఆయన సీసాకు బదులు రేకు డబ్బాకు పేటెంట్ తీసుకున్నాడు. 1813లో బ్రయాన్ డాంకిన్, ఆయన భాగస్థులు లండన్‌లో డబ్బాల కర్మాగారం పెట్టారు.

ఇందులో ఒక తమాషా ఉంది. డబ్బా వచ్చిన నలభై ఏళ్లకు గానీ డబ్బా తెరిచే పనిముట్టు సరిగా రాలేదు. అంతవరకు సుత్తి, ఉలి పెట్టి కొట్టి తెరిచేవాళ్లు. అంటే డబ్బాను కోయడం, దానికి కన్నాలు పెట్టడం మనుషులు మొదటి రోజు నుంచే నేర్చుకున్నారు!

డబ్బా మొత్తం తగరం కాదు. అది పలచటి ఉక్కు రేకు, దాని మీద తగరం పూత. తగరం పూత వల్ల ఉక్కుకు తుప్పు పట్టదు. మన ఊళ్లో ఒక విషయం గమనించాను. తెలుగులో తగరం అంటే ఆ లోహం. తమిళంలో అదే మాటను రేకుకు కూడా వాడతారు. మేము ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం మాట్లాడతాం కాబట్టి మాకు రెండు అర్థాలూ సొంతమే.

కిరసనాయిలు డబ్బా మన ఊళ్లకు

మన దేశంలో పల్లె పల్లెకూ డబ్బా చేరింది తిండితో కాదు, కిరసనాయిలుతో. దీన్ని మా అవ్వ ఇప్పటికీ సీమనూనె అంటుంది. సీమ అంటే పరాయి దేశం. సీమ నుంచి వచ్చిన నూనె కాబట్టి సీమనూనె. తమిళంలో కూడా దాదాపు ఇదే మాట.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా నుంచి స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ కిరసనాయిలు ఓడల్లో వచ్చేది. ఒక్కో చెక్క పెట్టెలో రెండు చదరపు డబ్బాలు, ఒక్కో దానిలో సుమారు 18 లీటర్ల నూనె. 1892లో మార్కస్ శామ్యూల్ అనే లండన్ వర్తకుడు మ్యూరెక్స్ అనే ట్యాంకరు ఓడలో రష్యా కిరసనాయిలును డబ్బాలు లేకుండా అట్లాగే నింపి, సూయజ్ కాలువ గుండా ఆసియాకు పంపాడు. తర్వాత ఈ కంపెనీయే షెల్ అయింది. ఆయన లెక్క ప్రకారం డబ్బాల ఖర్చు మిగలాలి. కానీ ఆసియా ప్రజలు డబ్బా లేని నూనె కొనడానికి ఇష్టపడలేదు. ఎందుకంటే వాళ్లకు నూనె ఎంత ముఖ్యమో ఖాళీ డబ్బా కూడా అంతే ముఖ్యం. దానితో ఇంటి కప్పు వేసుకునేవాళ్లు, పంజరాలు, గిన్నెలు, బొగ్గు కుంపట్లు చేసుకునేవాళ్లు. స్టాండర్డ్ వాళ్ల డబ్బా నీలం రంగు. షెల్ వాళ్లు ఇక లాభం లేదని ఎర్ర రంగు డబ్బాలు తయారు చేసి ఇచ్చారు. పెద్ద పెద్ద కంపెనీలు పేదవాళ్ల పొయ్యికి తలవంచాయని చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది.

ఈ డబ్బాల కోసమే మన దేశంలో ఒక పరిశ్రమ కూడా వచ్చింది. 1920లో బర్మా ఆయిల్ కంపెనీ, టాటా ఉక్కు కంపెనీ కలిసి జంషెడ్‌పూర్‌లో టిన్‌ప్లేట్ కంపెనీని పెట్టాయి. మన పక్కకు రైలు దారి ముందే వచ్చింది. జోలార్‌పేట నుంచి బెంగళూరుకు 1864లోనే రైలు మొదలైంది. ఇప్పుడు అంగట్లో 15 కేజీల వంటనూనె వచ్చే చదరపు డబ్బాను చూడండి. అది ఆ పాత కిరసనాయిలు డబ్బా వంశమే.

యుద్ధంలో, కరువులో

1929లో అమెరికాలో షేర్ల ధరలు కూలిపోయి పెద్ద ఆర్థిక మాంద్యం వచ్చింది. లక్షల మందికి పని పోయింది. చాలా మంది గూడ్సు రైళ్లు ఎక్కి ఊరూరా పని వెతుక్కుంటూ తిరిగారు. వాళ్లను హోబోలు అనేవాళ్లు. పట్టాల పక్కన పారేసిన డబ్బాకు కింద ఒక వాకిలి కోసి, పైన కన్నాలు పెట్టి, పుల్లలు వేసి వండుకునేవాళ్లు. ఇప్పటికీ ఆ రకం పొయ్యిని అక్కడ హోబో పొయ్యి అనే అంటారు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ సైన్యానికి పెట్రోలు పలచటి నాలుగు గ్యాలన్ల డబ్బాల్లో వచ్చేది. ఆ డబ్బాలు తొందరగా సొట్టపడి కారిపోయేవి. సైనికులు ఖాళీ డబ్బాను సగానికి కోసి, ఇసుక నింపి, కొంచెం పెట్రోలు పోసి ముట్టించి దాని మీద టీ కాచుకునేవాళ్లు. లిబియాలోని బెంఘాజీ నగరం పేరు మీద దీనికి బెంఘాజీ బర్నర్ అని పేరు వచ్చింది. ఆ ఎడారిలో పోరాడిన వాళ్లలో మన నాలుగో భారత డివిజన్ కూడా ఉంది. 1940లో సిదీ బర్రానీ, 1942లో ఎల్ అలమేన్, 1943లో ట్యునీషియా వరకు వాళ్లు పోరాడారు. ఆ డివిజన్‌లో మద్రాస్ శాపర్స్ దళం కూడా పనిచేసింది. యుద్ధం గురించి చదివేటప్పుడు తుపాకులు, ట్యాంకులు గుర్తుకొస్తాయి. చలి రాత్రిలో ఒక సగం డబ్బా చుట్టూ కూర్చుని టీ కోసం ఎదురుచూసే మనుషులు కూడా ఆ చరిత్రలో వాళ్లే. (పెట్రోలు పోసే ఈ పద్ధతిని మనం ఎప్పుడూ చేయకూడదు. సైనికులు కూడా కాల్చుకున్నారు.)

స్కౌట్ ఉద్యమం 1907లో ఇంగ్లండులో బేడెన్ పావెల్ పెట్టిన శిబిరంతో మొదలైంది. 1916లో మద్రాసులో అనిబిసెంట్ భారతీయ పిల్లల కోసం స్కౌట్ సంఘం పెట్టారు, ఎందుకంటే అప్పటి స్కౌట్ సంఘాల్లో మన పిల్లల్ని చేర్చుకునేవాళ్లు కాదు. 1950 నవంబరు 7న స్కౌట్ సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. శిబిరంలో ఉన్న వస్తువుతోనే వంట చేసుకోవడం స్కౌట్ పాఠాల్లో ఒకటి. డబ్బా పొయ్యి దానికి సరిగ్గా సరిపోతుంది.

మా అవ్వ పొట్టు పొయ్యి

ఇంతవరకు నేను పుస్తకాల్లో చదివింది రాశాను. ఇకమీద మా అవ్వ నోటి నుంచి విన్నది.

మా అవ్వ బెంగళూరు రోడ్డు పక్కన చాలా ఏళ్లు టీ అంగడి నడిపింది. ఇంతకు ముందు మాది వేలూరు జిల్లా, 2019లో తిరుపత్తూరు జిల్లా అయింది. గ్యాస్ సంగతి అడిగితే నవ్వింది. "అప్పుడు గ్యాసు యాడుందే? పొట్టే మాకు గ్యాసు" అన్నది. పొట్టు అంటే రంపపు పొట్టు. కట్టెలు కోసే మిల్లులో రంపం కింద రాలే పొడి. మొదట్లో మిల్లు వాళ్లు ఎత్తుకుపోతే చాలని ఊరికే ఇచ్చేవాళ్లంట. తర్వాత అందరూ అడగడం మొదలుపెట్టాక మూటకు ఇంత అని డబ్బు తీసుకున్నారు. 1973లో ప్రపంచంలో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాయి అని మన పాఠంలో ఉంది. మా అవ్వకు ఆ పాఠం తెలియదు. సీమనూనె కోసం రేషన్ అంగడి ముందు లైనులో నిలబడటం మాత్రం తెలుసు.

అవ్వ దగ్గర రెండు డబ్బాలు ఉండేవి. ఒకటి మండుతుంటే ఇంకొకటి నింపి పెట్టేది. రాత్రి పొట్టు దంచి పెట్టి పడుకుని, తెల్లవారుజామున నాలుగు గంటలకు ముట్టిస్తే మధ్యాహ్నం దాకా మాటిమాటికీ ఊదే పని లేకుండా మండేదంట. దంచడంలోనే కిటుకు ఉంది. "మెత్తగా దంచితే మధ్యలో కూలిపోతాది మే, మరీ గట్టిగా దంచితే అగ్గి పాకదు. చెయ్యికి తెలియాల" అని చెప్పింది. ఈ ఒక్క డబ్బా మీద ముగ్గురు పిల్లల్ని పెంచింది. వాళ్లలో ఒకరు మా నాయన.

తయారు చేసే విధానం

రెండు రకాల డబ్బా పొయ్యిలు ఉన్నాయి. పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే చేయండి. కోసిన రేకు అంచు కత్తిలాగా ఉంటుంది, దాన్ని శ్రావణంతో లోపలికి మడిచేయాలి.

మొదటిది పుల్లల పొయ్యి. ఒక పెద్ద గుండ్రటి డబ్బా తీసుకుని పై మూత తీసేయాలి. కింది అంచు దగ్గర చెయ్యి పట్టేంత వాకిలి కోయాలి. పుల్లలూ గాలీ లోపలికి పోయేది ఇక్కడి నుంచే. పై అంచుకు కొంచెం కింద, వాకిలికి ఎదురు పక్కన, మేకుతో నాలుగైదు కన్నాలు పెట్టాలి. పొగ బయటికి పోయేది వీటి గుండా. లోపల చితుకులు ముట్టించి పైన గిన్నె పెట్టాలి. వేడి గాలి తేలిక కాబట్టి పైకి పోతుంది, దాని చోటికి కింది వాకిలి నుంచి చల్లగాలి వస్తుంది. ఈ గాలిలో ఉండే ఆక్సిజన్ మంటను నిలబెడుతుంది. చుట్టూ రేకు గోడ ఉండటం వల్ల బయటి గాలికి మంట చెదరదు. అందుకే మూడు రాళ్ల పొయ్యి కంటే తక్కువ పుల్లలతో పని జరుగుతుంది.

రెండోది పొట్టు పొయ్యి. దీనికి ఇంకా పెద్ద డబ్బా కావాలి. కింది అంచు దగ్గర పక్కగా ఒకే ఒక కన్నం, ఒక లావు కర్ర దూరేంత. ఆ కన్నంలో నుంచి కర్రను డబ్బా మధ్య దాకా దూర్చాలి. దాని కొసకు ఆనించి ఒక సీసాను గానీ గుండ్రటి కట్టెను గానీ నిలువుగా పెట్టాలి. చుట్టూ బాగా ఎండిన పొట్టు కొంచెం కొంచెం వేసి దంచాలి. నిండాక సీసాను మెల్లగా తిప్పుతూ పైకి తీయాలి, తర్వాత కర్రను బయటికి లాగాలి. ఇప్పుడు లోపల ఎల్ అక్షరం ఆకారంలో గాలి దారి ఉంటుంది. కింది కన్నంలో కాగితమో చితుకులో పెట్టి ముట్టిస్తే మధ్య గుంత లోపలి గోడ అంటుకుంటుంది. పొట్టు లోపలి నుంచి బయటికి నిదానంగా కాలుతూ పోతుంది. గిన్నె అంచుకు అతుక్కోకుండా కింద మూడు చిన్న రాళ్లు పెట్టాలి, లేకపోతే గాలి ఆడక మంట ఆరిపోతుంది.

తగరం 232 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గరే కరుగుతుంది. కాబట్టి మొదటిసారి వెలిగించినప్పుడు డబ్బా మెరుపు పోయి నల్లబడుతుంది. ఉక్కు కరగాలంటే దాదాపు 1,500 డిగ్రీలు కావాలి, అంత వేడి ఇందులో రాదు. అయితే పూత పోయాక తుప్పు పడుతుంది కాబట్టి కొన్నాళ్లకు డబ్బా మార్చాల్సిందే. పెయింటు డబ్బాలు, పెట్రోలు డబ్బాలు వాడకూడదు. జింకు పూత ఉన్న బకెట్లు కూడా వద్దు, వాటి పొగ విషం. మూత బిగించి ఉన్న డబ్బాను నిప్పులో పెడితే పేలుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఈ పొయ్యిని ఎప్పుడూ బయటే వెలిగించాలి. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది.

పొగ లెక్క

డబ్బా పొయ్యిని పొగుడుతూ ఇక్కడ ఆపేస్తే సగం చరిత్రే రాసినట్టు అవుతుంది. మా అవ్వకు ఇప్పుడు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. రాత్రిళ్లు దగ్గు. రెండేళ్ల ముందు ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు మొదట అడిగిన ప్రశ్న "బీడీ తాగుతావా అవ్వా?" అని. అవ్వ జన్మలో బీడీ ముట్టలేదు. "అయితే ఎన్నేళ్లు పొగలో వండావు?" అని అడిగారు. అవ్వ వేళ్లు లెక్కపెట్టి నలభై ఏళ్లు అన్నది. ఇళ్లలో వంట పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఆ లెక్కలో ఒక్కొక్క అంకె వెనక ఒక అవ్వ ఉండొచ్చు.

ఈ పొగ గురించి ముందే ఆలోచించిన వాళ్లలో ఒక ఇంజనీరు ఉన్నారు. ఆయన ఎస్.పి. రాజు గారు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ ల్యాబరేటరీలో పనిచేస్తూ మట్టితో కట్టుకునే, పొగగొట్టం ఉన్న పొగలేని పొయ్యిని తయారు చేశారు. 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే చిన్న పుస్తకం రాశారు. డ్యాములు, కాలువలు కట్టే ఇంజనీర్లు ఉన్న కాలంలో ఆయన వంటింట్లోకి తొంగి చూశారు. 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకం మొదలుపెట్టి 2002 వరకు మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచింది. కానీ చాలా పొయ్యిలు పగిలిపోయి మూలన పడ్డాయి. వాడే ఆడవాళ్లను అడగకుండా చేస్తే ఏ పొయ్యి అయినా అంతే అని నాకు అనిపిస్తుంది. 2006 తర్వాత తమిళనాడు ప్రభుత్వం పేద కుటుంబాలకు గ్యాస్ పొయ్యిలు ఉచితంగా ఇచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది.

కట్టెలకు ఇంకొక ఖర్చు కూడా ఉంది. మా అవ్వ మూడో తరగతితో బడి మానేసింది. ఇంట్లో పొయ్యికి చితుకులు తెచ్చే పని ఆడపిల్లది కాబట్టి ఆమెను మానిపించారు, ఆమె తమ్ముడు మాత్రం బడికి పోయాడు. పెళ్లి కాని కూతురిని "గుండెల మీద కుంపటి" అనే మాట మన భాషలో ఉంది. నిజమైన కుంపటి ముందు జీవితమంతా కూర్చున్నది మాత్రం ఆ కూతురే. ఈ మాట వాడే పెద్దలు ఒక్కసారి ఆలోచించాలని మనవి. ఈ రోజు నేను పొద్దున కట్టెలకు పోకుండా బడికి వస్తున్నానంటే దానికి నా తెలివి ఒక్కటే కారణం కాదు, మా ఇంటి గ్యాస్ సిలిండరు కూడా కారణం.

ముగింపు

ఈ వ్యాసం కోసం నేను మా తరగతిలో ఊదుగొట్టం, పొయ్యిగడ్డ, కుంపటి, చితుకులు, పొట్టు అనే ఐదు మాటలు చెప్పి అర్థం అడిగాను. ఐదూ తెలిసిన వాళ్లు నలుగురే. ఆ నలుగురి ఇళ్లలోనూ ముసలివాళ్లు ఉన్నారు. తమిళనాడులో ఉంటూ తెలుగులో చదువుకునే మనకు ఈ మాటలు పుస్తకంలో దొరకవు, ఇంట్లోనే దొరకాలి. పొగ పోవాలి, ఆ పొయ్యి మళ్లీ మన ఇళ్లకు రానక్కర్లేదు. కానీ ఆ పొయ్యి ముందు కూర్చున్న వాళ్లకు తెలిసిన పని, వాళ్ల మాటలు పొగతో పాటు పోకూడదు.

డబ్బా పారేసిన వస్తువు. దాన్ని కోసి, కన్నం పెట్టి, అన్నం వండే పొయ్యిగా మార్చిన వాళ్లకు ఏ పేటెంటూ రాలేదు, వాళ్ల పేర్లు ఎక్కడా అచ్చు కాలేదు. చదువుకునే మనం చేయగలిగింది ఒకటుంది. ఈ పత్రిక చదివిన ప్రతి విద్యార్థీ ఈ వారం ఇంట్లో పెద్దవాళ్లను "మీ కాలంలో దేని మీద వండేవాళ్లు? దానికి కట్టెలు ఎవరు తెచ్చేవాళ్లు?" అని అడిగి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. అందరివీ కలిపితే మన నాట్రంపల్లి చరిత్రలో ఇంతవరకు ఎవరూ రాయని ఒక పాఠం తయారవుతుంది.